ఫ్రిజ్ లేని బావర్చీఖానా

సురాహీలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మన ఇళ్లలో పిల్లలకూ ఎరుకే. మట్టి గోడల్లోంచి చెమ్మ బయటికి ఊరుతుంది, గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఇదే ఇల్మ్‌ను తర్కారీకి వాడిన ఉస్తాద్ ఒకాయన ఉండేవారు. నైజీరియా ఉత్తరాన జిగావా రాష్ట్రానికి చెందిన మహమ్మద్ బాహ్ అబ్బా. పుట్టింది కుండలు చేసే ఖాందాన్‌లో, చేసింది పాఠాలు చెప్పే నౌకరీ.

1990ల్లో అక్కడి పల్లెల్లో చాలా ఇళ్లకు కరెంటు లేదు. వంకాయలు మూడు రోజులకే పాడయ్యేవి. పాలకూర లాంటి ఆకుకూరైతే ఒక్క రోజే. పర్దాలో ఉండే తల్లులు బజారుకు పోలేరు. అందుకని సరుకు కుళ్లేలోపు అమ్ముకురమ్మని ఆడపిల్లల నెత్తిన గంప పెట్టి పంపేవారు. రోజూ ఇదే పని. ఇక బడి మాటెక్కడ? కూరగాయలు కుళ్లితే నుక్సాన్ పడింది ఆ పిల్లల తాలీమ్‌కే.

అబ్బా చేసింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో తడి ఇసుక నింపారు. కూరగాయలు లోపలి కుండలో, పైన తడి గుడ్డ. పొద్దునా సాయంత్రం ఇసుక తడపాలి. ఆయన తజ్రుబాల్లో వంకాయలు 27 రోజులు, ఆకుకూర 12 రోజులు నిలిచాయి. పని లేక కూర్చున్న కుమ్మరులకు మళ్లీ రోజీ దొరికింది. తల్లులు ఇంటి దగ్గరే నిదానంగా అమ్ముకోగలిగారు, ఆడపిల్లలకు బడికెళ్లే ఫుర్సత్ చిక్కింది. 2000లో దీనికి రోలెక్స్ ఇనామ్ వచ్చింది. నా లెక్కలో అసలు ఇనామ్ ఆ ఫుర్సతే.

మరి మన దగ్గర? కర్నూలు, మహబూబ్‌నగర్ పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. బందరు, నెల్లూరు ఉక్కలో అంత ఫాయిదా ఉండదు, ఎందుకంటే గాలే తడిగా ఉన్నప్పుడు చెమ్మ ఆరదు. వానాకాలంలో ఎక్కడైనా అంతే.

పెట్టేముందు మచ్చపడ్డవి ఏరేయండి, ఒక్కటి కుళ్లితే పక్కవాటికీ అంటుతుంది. ఆకుకూరలు కడిగి తడితో పెట్టొద్దు, వండేముందే కడిగి తరగండి. కుండ గాలాడే నీడలో ఉండాలి. బజార్లో రంగు పూసిన కుండలు ఖూబ్‌సూరత్‌గా ఉంటాయి గానీ కొనకండి, వాటిలోంచి చెమ్మ ఊరదు.