శాసనసభ్యులు - సామాజిక మాధ్యమములు (పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు)

కడప జిల్లాలోని ఈ మూడు నియోజకవర్గములందు శాసనసభ్యులు ప్రజలకు తమ మాట వినిపించుటకు 1952 నాటి ప్రథమ సాధారణ ఎన్నికలు మొదలు బహిరంగ సభలును, కరపత్రములును, గ్రామపెద్దల మధ్యవర్తిత్వమును చిరకాలము ఆధారములై యుండెను. 1978లో పులివెందులనుండి తొలిసారి శాసనసభకు ఎన్నికైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయముననే అర్జీదారులను స్వయముగా కలిసికొను అలవాటుచే ప్రసిద్ధులు. 2003లో చేవెళ్లనుండి ఇచ్ఛాపురము వరకు పాదయాత్ర గావించి, 2009 సెప్టెంబరు 2న ప్రజల మొర విను రచ్చబండ కార్యక్రమమునకై చిత్తూరు జిల్లాకు పోవుచు హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి.

ఫేస్‌బుక్, ట్విట్టర్ వంటివి రాజకీయ ప్రచారమున ఎంత వ్యాపించెనో ఎన్నికల సంఘము 2013 అక్టోబరు 25న వెలువరించిన ఉత్తర్వులే తెలుపును. అభ్యర్థి తన సామాజిక మాధ్యమ ఖాతాల వివరములను ప్రమాణపత్రమున చూపవలెననియు, వానిపై చేసిన వ్యయమును ఎన్నికల లెక్కలలో చేర్చవలెననియు, ప్రకటనలకు ముందుగా అనుమతి పొందవలెననియు అందు విధించిరి. ఇది మెచ్చదగిన కట్టడి.

పులివెందుల శాసనసభ్యులు వై.ఎస్. జగన్మోహనరెడ్డి 2017 నవంబరు 6న ఇడుపులపాయలో ప్రారంభించి 2019 జనవరి 9న ఇచ్ఛాపురమున ముగించిన ప్రజాసంకల్పయాత్ర 341 దినములు, 3,648 కిలోమీటర్లు సాగెను. తొలివారముననే వేంపల్లె, యర్రగుంట్ల, ప్రొద్దుటూరు మీదుగ నడచుటచే అది ఈ మూడు నియోజకవర్గములను స్పృశించెను. ఒకచేత అర్జీకాగితము, మరొకచేత సెల్‌ఫోను పట్టుకొని జనులు దారిప్రక్కన నిలిచిరి. అర్జీ నాయకుని చేతికందిన పిమ్మట సెల్ఫీ దిగి, దానిని వాట్సాప్‌లో బంధుమిత్రులకు పంపిరి. నాయకుని దర్శనమునకు ఫోను ప్రత్యామ్నాయము గాక, ఆ దర్శనమునకు సాక్ష్యమైనది. ఈ సీమ రాజకీయమున గమనింపదగిన విశేషమిదియే. అదే వాట్సాప్‌లో వదంతుల వ్యాప్తి నరికట్టుటకు ఆ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఐదు సంభాషణలకు మించి ఒకేసారి పంపరాదని నిబంధించినది ఈ యాత్ర నడుమ, 2018 జూలైలోనే.

ప్రొద్దుటూరునుండి 1985 మొదలు 2004 వరకు వరుసగా ఐదుమారులు గెలిచిన నంద్యాల వరదరాజులురెడ్డియు, జమ్మలమడుగున 2004లో తొలిసారి గెలిచిన సి. ఆదినారాయణరెడ్డియు 2024లో తిరిగి శాసనసభకు ఎన్నికైరి. కరపత్రముల కాలమును, సామాజిక మాధ్యమముల కాలమును రెంటిని చూచిన ప్రతినిధులు వీరు.

అర్జీ సైతము ఫోనునకు మారునట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ సేవను ప్రారంభించెను. ఫిర్యాదు నమోదు చేసినవారికి సూచికసంఖ్య నిచ్చుటచే, ఫేస్‌బుక్ వ్యాఖ్యలలో వ్రాసిన మొరకు లేని జాడ, దీనియందు వ్రాసిన అర్జీకి కలిగినది.