స్టీరింగ్ బుష్‌లు అరిగితే: ఇంట్లో ఏం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి?

గతుకుల్లో ముందు వైపు నుంచి ‘టక్ టక్’మనే చప్పుడు, స్టీరింగ్ కొంత తిప్పాక గానీ చక్రాలు కదలకపోవడం... ఇవి కనిపిస్తే స్టీరింగ్ రాక్ మొత్తం పోయిందనుకోనక్కర్లేదు. అరిగింది దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్ మాత్రమే కావచ్చు.

బుష్ పనేమిటి?

మారుతి 800 మొదలుకొని చాలా చిన్న కార్లలో ఉండేది రాక్ అండ్ పినియన్ స్టీరింగే. పినియన్ అనే చిన్న పళ్ల చక్రం తిరిగితే, గొట్టం లోపలున్న రాక్ అనే పళ్ల కడ్డీ పక్కకు జరుగుతుంది. ఆ గొట్టాన్ని రబ్బరు బుష్‌లు వేసి కారుకు బిగిస్తారు. వేడికి, ఆయిల్ లీకేజీకి, వయసు మీద పడి రబ్బరు పాడవుతుంది. అప్పుడు కడ్డీతో పాటు గొట్టమూ కదులుతుంది.

ముందు పరీక్ష

చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే, మరొకరు బానెట్ వైపు నుంచి రాక్‌ను గమనించాలి. గొట్టమే పక్కకు జరుగుతుంటే బుష్ అరిగినట్టు. అది స్థిరంగా ఉండి టై రాడ్ కీలు వదులుగా ఆడుతుంటే బుష్ మార్చి లాభం లేదు.

మార్చే పద్ధతి

చీలిక ఉన్న బుష్, చేతికి అందే క్లాంపు అయితేనే ఇంట్లో ప్రయత్నించాలి. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. కారును స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరకూడదు. చక్రాలు నేరుగా ఉంచి, ఒకసారికి ఒక క్లాంపే విప్పాలి. రెండోది రాక్‌ను పట్టి ఉంచుతుంది. పాత బుష్ చీలిక ఎటువైపు ఉందో చూసి, కొత్తదాన్నీ అలాగే తొడగాలి. జారడానికి సబ్బు నీళ్లు చాలు. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తాయి. బోల్టులను సర్వీస్ మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ఎక్కడ ఆగాలి?

బుష్ ప్రెస్‌తో ఎక్కించేదైనా, రాక్ కిందకు దించాల్సి వచ్చినా, స్టీరింగ్ షాఫ్ట్ విడదీయాల్సి వచ్చినా పని వర్క్‌షాప్‌కు వదిలేయాలి. షాఫ్ట్ విడిగా ఉన్నప్పుడు స్టీరింగ్ చక్రం ఇష్టమొచ్చినట్టు తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే రిబ్బన్ వైరు తెగిపోవచ్చు.

పని ముగిశాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడాలి. మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. కొన్ని రోజులకు బోల్టుల బిగువు మళ్లీ చూడాలి. బుష్ ఖరీదు చిన్నదే. కానీ ఒక్క బోల్టు వదులైనా కారు అదుపు తప్పుతుంది.