అంకె లేని తుపాకి

పెద్దలు విడిచిపోవు సొత్తులలో భూమికి పట్టా కలదు, ఇంటికి దస్తావేజు కలదు, బంగారమునకు తూకము కలదు. తాతలనాటి తుపాకికి మాత్రము తఱచుగా కథ తప్ప మఱేమియు నుండదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఒకప్పుడు సంస్థానములను గొలిచి బ్రతికిన కుటుంబములలో, అటకమీదనో చావడిగోడపైననో అట్టి తుపాకి యొకటి యుండుట వింత గాదు. దసరానాడు దానికి పసుపుకుంకుమలు పెట్టుదురు; తక్కిన దినములలో దాని మాట యెత్తరు. దానిపై సంఖ్య కానరాదు గనుక, అధికారులకు చూపినచో దొంగసొత్తందు రేమో యని భయము. ఈ భయ మెంతవఱకు న్యాయమో, దానివలన కలుగు కీడెట్టిదో విచారింతము.

సంఖ్య లేకుండుట నేరమునకు చిహ్నము కాదు, కాలమునకు చిహ్నము. తుపాకికి వరుససంఖ్య వేయుట యంత్రశాలల యుగపు టాచారము. ఒకే అచ్చున వేలకొలది తుపాకులు వెలువడినప్పుడు ఒకదానినుండి మఱియొకదానిని వేఱుపఱుప సంఖ్య కావలసివచ్చెను. కమ్మరి కొలిమిలో ఒక్కొక్కటిగా పుట్టిన జామగి తుపాకికి ఆ యవసరమే లేదు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కిచ్చిన చెకుముకి తుపాకులపై హృదయాకారపు ముద్రయు, 1808 తరువాతి వానిపై సింహపు ముద్రయు కానవచ్చును. అవి కంపెనీ సొత్తని తెలుపు గుఱుతులే గాని వరుససంఖ్యలు కావు. ఇంగ్లండునుండి వచ్చిన వేటతుపాకుల గొట్టములపై పరీక్షాముద్ర లుండును. లండను తుపాకిపనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. బర్మింగుహాము పరీక్షాశాల 1813లో వెలసెను. మితిమీఱిన మందు దట్టించి పేల్చినను గొట్టము పగులలేదని యా ముద్ర చెప్పును గాని యజమాని యెవరో చెప్పదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో సైతము తయారగు ప్రతి తుపాకికిని సంఖ్య తప్పనిసరి యైనది 1968 నాటి చట్టముతోనే.

ఇట్టి యాయుధములు మన సీమలో నిలిచియుండుటకు చరిత్రయే కారణము. 1757 జనవరి 24న బొబ్బిలికోట బుస్సీ ఫిరంగులకు కూలెను. 1794 జూలై 10న పద్మనాభము కడ విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజు కంపెనీ సేనతో పోరి మడిసెను. పేష్కషు బకాయిలతో పాటు, సేనను తొలగింపుమని కంపెనీ చేసిన యొత్తిడియు నా వైరమునకు మూలము. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయము తరువాత జమీందారులు శిస్తు కట్టువారుగా మిగిలిరి, సేనలు పోయెను. సేనలు పోయినంతమాత్రాన ఆయుధము లన్నియు పోవు. కొలువు చేసి మొఖాసాలు పొందినవారి యిండ్లలోను, మన్యపు దొరలయొద్దను అవి యుండిపోవుట సహజము. 1830 తరువాత పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతములలో చెలరేగిన అలజడులను అణచుటకు జార్జి రసెల్ ప్రత్యేకాధికారిగా రావలసివచ్చుటయే యిందుకు తార్కాణము.

1878లో, లిట్టను ప్రభువు కాలమున, ఆయుధశాసనము వచ్చెను. లైసెన్సు లేక తుపాకి నుంచుకొనుట నేరమయ్యెను. ఐరోపీయులకు మినహాయింపు, దేశీయులకు నిర్బంధము! 1887లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభ యీ శాసనముపై నసమ్మతి తెలుపుచు తీర్మానించెను. దేశీయులలో బిరుదులు గల కొందఱికిని, పెద్ద జమీందారులకును మినహాయింపు దొరకెను. మినహాయింపు పొందిన యింటి తుపాకికి కాగితమే పుట్టలేదు. పొందనివారిలో కొందఱు దానిని దాచిరి. పరాయి దొరతనమునకు చెప్పకుండుట పౌరుషమను భావము కుటుంబములలో నాటుకొనెను. ఆ దొరతనము 1947లో పోయెను. దాచు నలవాటు మాత్రము పోలేదు.

స్వతంత్ర భారతము పాత శాసనమును తొలగించి 1959లో క్రొత్త ఆయుధచట్టము చేసెను. అది 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. అందలి 8వ విభాగము మన విషయమునకు ప్రధానము. చేసినవాని పేరుగాని, సంఖ్యగాని, మఱియొక గుఱుతుగాని లేని తుపాకిని అమ్మరాదు, ఒకరికి బదిలీ చేయరాదు. అట్టిది యెవనియొద్ద నుండునో, కాదని రుజువగువఱకు, గుఱుతును చెఱిపినవాడు అతడే యని చట్టము తలంచును. ఆనాటికే అట్టివి కలవారికి ఒక సంవత్సరము గడు విచ్చిరి. ఆ గడువు 1963లో ముగిసెను. తాత మౌనము నాటినుండి మనుమని నెత్తిన రుజువుభారమై కూర్చుండెను.

అయినను చట్టము త్రోవలు మూసివేయలేదు. సంఖ్య యొక్కటే గుఱుతు కాదు. చేసినవాని పేరును గుఱుతే. మఱమ్మతు చేసినను చేయకున్నను పేలుటకు వీలుకాని పాతకాలపు ఆయుధము, 45వ విభాగమునుబట్టి, ఈ చట్టమునకు లోబడదు. కాని ప్రాచీనత యొక్కటే చాలదు. బాగుచేసిన పేలు తుపాకికి నూఱేండ్లు నిండినను లైసెన్సు వలయును. ఇది తేల్చవలసినది మనము గాదు, పరీక్షించిన యధికారి. లైసెన్సు గలవారి తుపాకి వారసులకు సంక్రమించుటకు 2016 నాటి నియమములు వీలు కల్పించినవి: యజమాని గతించిన పిమ్మటనే గాక, అతనికి 70 ఏండ్లు నిండినను, తుపాకి 25 ఏండ్లు అతనియొద్ద నుండినను, వారసుడు దరఖాస్తు చేసికొనవచ్చును. 2019 సవరణచే ఒక్కొకరికి రెండు తుపాకులకు మించి యుండరాదు. వారసత్వమునకును ఈ మితియే వర్తించును.

దాచుటవలన నష్టమేమని యడుగువారు మన జిల్లాల యిటీవలి చరిత్రను తలంపవలెను. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారి కాల్పులలో కోరన్న, మంగన్న యను గిరిజనులు మరణించిరి. తరువాతి మూడేండ్లలో భూస్వాముల యిండ్లపై జరిగిన దాడులలో తుపాకులు చేతులు మాఱెను. లెక్కలో లేని తుపాకి యెవరి చేతి నుండి యెవరి చేతికి పోయెనో చెప్పగల సాక్షి యుండదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషనులనుండి 26 తుపాకులు కొనిపోయినప్పుడు, తీసికొన్నవాని వివరము స్టేషను పుస్తకమున వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. పోరాడువాడే లెక్క వ్రాయగా, గృహస్థు వ్రాయకుండుట తగునా?

అట్టి తుపాకి గల యింటివారు మొదట దానిని కదలింపరాదు. నోటినుండి మందు దట్టించు పాత తుపాకులలో ఏనాటి మందో నేటికిని నిలిచియుండవచ్చును. నల్లమందు పాతబడినను అపాయకరమే. తుప్పు గీకి మెఱుగు పెట్టరాదు. మాసిన పేరుగాని ముద్రగాని ఆ గీకుడులో పోయినచో, మనకు మేలుచేయు సాక్ష్యమును మనమే చెఱిపినవార మగుదుము. సంఖ్య యొక్కొక్కప్పుడు గొట్టము క్రింద, కొయ్యచాటున నుండును. దానిని విప్పి చూచుట ఎఱిగినవారి పని. పాత లైసెన్సు పుస్తకములు, భాగపత్రములు, వీలునామాలు, తుపాకితో నున్న తాతగారి ఛాయాపటములు సమకూర్పవలెను. ఎవరినుండి ఎవరికి వచ్చెనో వృద్ధులచేత వ్రాయింపవలెను. పిదప న్యాయవాదిని సంప్రదించి, దగ్గఱి పోలీసు స్టేషనుకును కలెక్టరు కార్యాలయమునకును వ్రాతమూలముగ తెలిపి, వారు చెప్పిన రీతిని అప్పగింపవలెను. పోలీసువారు పట్టుకొన్న తుపాకికిని, యజమాని తానై తెలిపిన తుపాకికిని న్యాయస్థానమున గల భేదము చిన్నది కాదు.

జపాను దేశమున 1958 నాటి చట్టమునుబట్టి జామగి తుపాకులవంటి పురాతనాయుధములను కళావస్తువులుగా నమోదు చేయుదురు. ఆ పని చూచునది ప్రాంతీయ విద్యాసంఘము. నమోదుపత్రము మనిషిని గాక వస్తువును వెన్నంటి పోవును. మన దేశమునను అట్టి యేర్పాటున్నచో ఎన్నో యిండ్లలోని చరిత్ర వెలుగు చూచెడిది. అది వచ్చువఱకు వేచియుండుట మాత్రము తెలివి గాదు.

ఈ కార్యము పెద్దలు జీవించియుండగనే జరుగవలెను. దాని కథ తెలిసినవారు వారే. వారి తరువాత అటక దింపి చూచువారు ఏమియు నెఱుగని కోడలో, దూరదేశమున నుద్యోగము చేయు కొడుకో కావచ్చును. ఏ పాపము నెఱుగని వారిని ముద్దాయిలుగ నిలుపు సొత్తు పితృధనము గాదు, పితృఋణము. ఋణమును తీర్చి పోవుటయే పెద్దఱికము.