కోలారు బంగారం, వజ్రపు చిప్పు

కుప్పానికి వాయవ్యంగా, కర్ణాటక సరిహద్దు దాటితే వచ్చే కోలారు బంగారు గనుల చరిత్రను వజ్రపు సెమీకండక్టర్ కంపెనీల షేర్లు కొనాలనుకునేవారు తప్పక చదవాలి. 1880లో లండన్‌లో మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ పుట్టింది. ఆ రోజుల్లోనే వయనాడు బంగారం పేరుతో నలభై దాకా కంపెనీలు లేచి, కొన్నేళ్లకే దాదాపు అన్నీ మునిగాయి. డబ్బు అదే, ఆశ అదే. వయనాడు రాతిలో మాత్రం గిట్టుబాటయ్యేంత బంగారం లేదు. మైసూరు కంపెనీ మూలధనమూ చాలావరకు కరిగిపోయి, పౌండు షేరు పది పెన్నీలకు పడిపోయింది. అప్పుడు జాన్ టేలర్ అండ్ సన్స్ అనే గనుల సంస్థ ఇంజనీర్లు ఇంకా లోతుకు దిగి ఛాంపియన్ రీఫ్ అనే బంగారు పొరను పట్టారు. ఆ గనులు 2001 దాకా నడిచాయి.

తెగించిన పెట్టుబడి లేకుంటే ఆ పొర దొరికేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే కోలారులో ప్రాచీనులు తవ్విన గుంతలు ముందే సాక్ష్యంగా ఉన్నాయి; తెగింపుకు ఆధారం తోడైంది. పైగా వాటాదారు పోగొట్టుకున్నది డబ్బే. మన ప్రాంతాల నుంచి, తమిళ సీమ నుంచి వెళ్లిన కూలీలు రాతి ధూళికి ఊపిరితిత్తులనే అర్పించారు.

వజ్రానికీ ఆధారం ఉంది: రాగికన్నా దాదాపు అయిదు రెట్లు మెరుగ్గా వేడిని మోస్తుంది, సిలికాన్ తాళలేని వోల్టేజీని తాళుతుంది. ప్రయోగశాల వజ్రాల పరిశోధనకు 2023లో కేంద్రం ఐఐటీ మద్రాసుకు అయిదేళ్లకు దాదాపు 243 కోట్లు ఇచ్చింది. అది పరిశోధనకు ఇచ్చిన సొమ్ము, లాభానికి హామీ కాదు. పెద్ద వజ్రపు పలకలు పెంచడం, వాటిలో ఎన్-టైపు వాహకతను (ఎలక్ట్రాన్లు కరెంటును మోసే గుణాన్ని) సాధించడం నేటికీ కష్టంగానే ఉన్నాయి.