నిద్రవేళ పాలసీసా: ఒక అలవాటు చరిత్ర

తల్లిపాలు మాన్పించడం మనిషి పుట్టినప్పటి నుంచీ ఉన్న పని. నిద్రవేళ పాలసీసా మాన్పించడం మాత్రం నిన్నమొన్నటి సమస్య, దాని వయసు నూట ఏభై ఏళ్లకు అటూ ఇటూ. పైపాలు పట్టే పాత్రలు అంతకుముందూ ఉన్నాయి. జర్మనీలోని బవేరియాలో క్రీస్తుపూర్వం 1200–450 మధ్య కాలపు పిల్లల సమాధుల్లో ముక్కు ఉన్న చిన్న మట్టి పాత్రలు దొరికాయి. వాటిలో నెమరువేసే జంతువుల పాల జాడలు ఉన్నట్టు బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. అయితే అలాంటి పాత్రతో పాలు పట్టాలంటే పెద్దవాళ్ల చెయ్యి కావాలి. బిడ్డకు ఇచ్చి, దీపం ఆర్పి, వెళ్లిపోవడానికి వీల్లేదు.

కాబట్టి పాత వైద్య గ్రంథాల్లో పాలు మాన్పించడమంటే చనుబాలు మాన్పించడమే. పళ్లు వచ్చిన బిడ్డను క్రమక్రమంగా స్తన్యం నుంచి మళ్లించాలని వాగ్భటుడి అష్టాంగహృదయం చెబుతుంది. అందుకు సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, పటికబెల్లంతో ఉండలు చేసి పెట్టమంటుంది. అప్పుడే వచ్చిన పాలపళ్లకు ఈ తీపి ఉండలు ఏమంత మేలు చేసి ఉంటాయో గాని, క్రమక్రమంగా అన్న మాట మాత్రం నేటికీ చెల్లుతుంది. రెండో శతాబ్దంలో రోములో వైద్యం చేసిన సొరానస్ కూడా ఇదే దారి పట్టాడు. చనుమొనలకు చేదు రాసి ఒక్కసారిగా మాన్పించే పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఆ పద్ధతి ఎంత పాతదో దీన్నిబట్టే తెలుస్తుంది. తెలుగిళ్లలో వేపాకు ముద్దతో జరిగిందీ అదే. చేదుకు లొంగని పిల్లల్ని నాలుగు రోజులు అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టేవారు.

తెలుగువారి పాత్ర ఉగ్గుగిన్నె. ఇత్తడిదో వెండిదో, అరచేతిలో ఇమిడేంత గిన్నె, ఒకవైపు సన్నని ముక్కు. ఇంట్లో పెద్దామె కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకొని, గిన్నె ముక్కు పెదవుల మూలకు ఆనించి కొద్దికొద్దిగా పోస్తుంది. తల్లిపాలలో ఆముదం రంగరించిన ఉగ్గు అయినా, తల్లికి పాలు చాలనప్పుడు పట్టే పోతపాలు అయినా ఇలాగే. బిడ్డ మింగిందో లేదో చూసుకుంటూ పొయ్యాలి, గిన్నె ఖాళీ అయితే పని అయిపోయినట్టే. ఇందులో చప్పరించడానికి ఏమీ లేదు, నిద్రలోకి వెంట తీసుకుపోవడానికీ ఏమీ లేదు. అందుకే ఉగ్గుగిన్నె మాన్పించడానికి ఎవరికీ ఉపాయాలు అవసరం పడలేదు.

ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్దంలో రొట్టెను నీళ్లలోనో పాలలోనో ఉడికించిన జావను పడవ ఆకారపు చిన్న పాత్రతో పట్టేవారు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి వైద్యుడు హ్యూ స్మిత్ 1770 ప్రాంతంలో కాఫీ కూజాను పోలిన లోహపు పాత్ర ఒకటి చేయించాడు. దాని ముక్కు చివర సన్నని రంధ్రాలుంటాయి. వాటి మీద పల్చటి గుడ్డ కట్టేవారు, బిడ్డ ఆ గుడ్డను చప్పరించాలి. పాలు పోయడం నుంచి చప్పరించడం వైపు మళ్లిన ఈ పాత్ర కూడా పెద్దవాళ్ల చేతిలోనే ఉండేది.

అసలు మలుపు రబ్బరుతో వచ్చింది. 1845లో న్యూయార్క్‌కు చెందిన ఎలైజా ప్రాట్ రబ్బరు పాలపీకకు పేటెంటు పొందాడు. తొలినాటి రబ్బరు వాసన వేసేది, త్వరగా పాడయ్యేది. అందుకే చాలామంది అప్పటికి ఆవుదూడ చన్ను శుద్ధి చేసి సీసాకు తగిలించే పద్ధతినే నమ్ముకున్నారు. 1861లో గృహనిర్వహణ గ్రంథం వెలువరించిన ఇసబెల్లా బీటన్, అలాంటి పీకను ఒకసారి బిగించాక రెండు వారాల దాకా తీయనక్కర్లేదని రాసింది. క్రిముల సంగతి ఇంకా ఇళ్లకు చేరని కాలం అది.

ఆ దశకం నుంచే పొడుగు గొట్టం సీసాలు బజారు నిండా వచ్చాయి. బల్లపరుపు గాజు సీసా, దాని మూతిలోంచి అడుగు దాకా దిగిన గాజు గొట్టం, ఆపైన బారెడు రబ్బరు గొట్టం, చివర పీక. సీసాను పక్కమీద పెట్టి పీకను బిడ్డ నోటికి అందిస్తే చాలు, మిగతాది బిడ్డే చూసుకుంటుంది. ఎటు దొర్లినా గొట్టం వెంట వస్తుంది, పాలు గంటల తరబడి అందుతూనే ఉంటాయి. మిల్లు పనికి పోయే తల్లికీ, పదిమంది పిల్లల్ని చూసే ఆయాకూ ఇంతకంటే ఏం కావాలి? అమ్మేవాళ్లు వీటిలో ఒకదానికి అప్పటి యువరాణి అలెగ్జాండ్రా పేరు పెట్టుకున్నారు. నిద్రవేళ పాలసీసా అనే అలవాటు పుట్టిల్లు ఇదే అనవచ్చు.

ఆ గొట్టాన్ని కడగడం ఎవరి తరమూ కాలేదు. సీసాతో ఇచ్చే చిన్న కుంచె లోపలి మలుపుల్లోకి పోదు. పాచిపోయిన పాలు గోడలకు పట్టుకొని, కొత్తగా పోసిన పాలనూ పాడుచేసేవి. విరేచనాలతో పసిపిల్లలు రాలిపోతుంటే ఇంగ్లండులో దీనికి హంతక సీసా అన్న పేరు పడింది. ఫ్రాన్సు 1910లో చట్టం చేసి గొట్టం సీసాల అమ్మకం నిషేధించింది. బ్రిటన్‌లో వైద్యులు ఎంత మొత్తుకున్నా, చవకగా దొరుకుతుండటంతో 1920ల దాకా అమ్ముడుపోయాయి.

దీనికి విరుగుడుగా లండన్‌లోని అలెన్ అండ్ హన్‌బరీస్ సంస్థ 1890లలో పడవ ఆకారపు సీసా తెచ్చింది. రెండు కొసలూ తెరిచి ఉంటాయి గనుక ఈ కొస నుంచి ఆ కొస దాకా కడగవచ్చు. అమెరికాలో వెడల్పు మూతి సీసాలు వచ్చాయి. మరిగించి వాడే అలవాటు ఇళ్లలో స్థిరపడ్డాక సీసాపాలతో చావు భయం తగ్గింది. భయం తగ్గేకొద్దీ సీసాను తొందరగా మాన్పించాలన్న పట్టుదలా సడలింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో న్యూజిలాండ్ వైద్యుడు ట్రూబీ కింగ్ గడియారం చూసి పాలు పట్టాలని, రాత్రిపూట అసలు పట్టకూడదని బోధించాడు. 1946లో వచ్చిన బెంజమిన్ స్పాక్ పుస్తకం ఆ కాఠిన్యాన్ని మెత్తబరిచింది. అయితే పక్కలో బిడ్డ చేతికే సీసా ఇచ్చేస్తే అది ఓదార్పు వస్తువుగా మారి, మాన్పించడం కష్టమవుతుందని తరవాతి ముద్రణల్లో స్పాకే హెచ్చరించాడు.

క్రిముల భయం పోయాక మిగిలింది పళ్ల సంగతి. పసిపిల్లల పళ్లు పుచ్చడాన్ని 1862లోనే న్యూయార్క్ వైద్యుడు అబ్రహాం జాకోబి వర్ణించాడు. సీసాతో దానికున్న లంకెను సూటిగా ఎత్తిచూపింది మాత్రం 1962లో అమెరికా దంతవైద్యుడు ఎలియాస్ ఫాస్. మెలకువగా ఉన్నప్పుడు లాలాజలం నోటిని కడుగుతూ ఉంటుంది, నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. చప్పరిస్తూనే నిద్రపోయిన బిడ్డ నోట్లో ఆఖరి గుక్క పాలు పైవరస ముందు పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. మొదట చిగురు అంచున సున్నం గీతలాంటి తెల్ల మచ్చ, తరవాత గోధుమ రంగు, చివరికి మొండి పళ్లు. కింది ముందు పళ్లు మాత్రం నాలుక అడ్డం ఉండటం వల్ల చాలావరకు బాగానే ఉంటాయి. పై పళ్లు పుచ్చి కింది పళ్లు నిలిచిన నోరు కనిపిస్తే దంతవైద్యులు ముందుగా అనుమానించేది రాత్రి సీసానే.

మన దేశంలోకి సీసా డబ్బాపాల వెంట వచ్చింది. విదేశీ గ్లాక్సో డబ్బాల తరవాత, 1960 ప్రాంతంలో గేదెపాలతో చేసిన అమూల్ పాలపొడి అందుబాటులోకి వచ్చింది. బొద్దుగా ఉన్న పిల్లల్ని అమూల్ బేబీ అనడం అప్పటి నుంచే. డబ్బా కొనలేని ఇళ్లలో అదే సీసాలో నీళ్లు కలిపిన గేదెపాలు, పైన ఓ చెంచా పంచదార. పళ్లకు ఇంతకంటే చేటు చేసే పానీయం మరొకటి దొరకడం కష్టం. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బాపాలు, సీసాల ప్రచారానికి పగ్గాలు వేసే నియమావళిని ఆమోదించింది. భారతదేశం 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని మరింత బిగించింది. సీసాలకూ పీకలకూ ప్రకటనలు ఇవ్వడం ఇక్కడ నేరం. నెలలు నిండని పిల్లల వార్డుల్లో పాలు పట్టడానికి తమిళనాడు పాలాడై, అంటే ఉగ్గుగిన్నెకు అక్కలాంటి పాత్ర, వాడుకలోకి వచ్చింది. కాని చట్టం అమ్మకాన్ని అదుపు చేయగలదే తప్ప పడకగది అలవాటును కాదు. అది తల్లిదండ్రులకూ పిల్లల వైద్యులకూ మిగిలింది.

ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు సీసా మాన్పించాలన్నది నేటి వైద్యుల మాట. పగటి సీసాలు ముందు పోతాయి, రాత్రిది ఆఖరున. పాలను గ్లాసులో అన్నం వేళకే ఇచ్చేసి, పళ్లు తోమి, ఆ తరవాత పడుకోబెట్టడం ఒక పద్ధతి. సీసాలో రోజురోజుకూ పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ పోయి, చివరికి వట్టి నీళ్లే మిగల్చడం మరొకటి. నీళ్లు పళ్లను పుచ్చబెట్టవు, చప్పనివి గనుక మోజూ తగ్గుతుంది.

ఈలోగా బజారులోకి మరో వస్తువు వచ్చింది. 1980లలో అమెరికాలో మిషిగన్‌కు చెందిన రిచర్డ్ బెలాంజర్ అనే ఇంజనీరు తన కొడుకు ఇల్లంతా పాలు ఒలకబోయడం చూసి, తిరగేసినా కారని మూతకప్పు రూపొందించాడు. సీసాకూ గ్లాసుకూ మధ్య మెట్టుగా దాన్ని కొన్నారు. చప్పరిస్తేగాని పాలు రావు, ఒలకవు గనుక పక్కమీదికీ ఇవ్వవచ్చు. రాత్రి పాలతో వాడితే పళ్లకు ఇదీ సీసాతో సమానమే. అందుకని దంతవైద్యులు దీన్ని కొన్నాళ్లకే పరిమితం చేసి, మూత లేని గ్లాసు అలవాటు చేయమంటున్నారు.