స్వీడన్ ఆవుల బేరం

పార్టీ పెద్దది కావాలంటే సిద్ధాంతం గట్టున పెట్టక తప్పదని మన రచ్చబండ దగ్గర తరచూ వినే మాటే. నేనైతే పూర్తిగా ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి స్వీడన్ దేశం సంగతి ఒకటి రాస్తున్నా. వెన్న ధర దగ్గర మొదలైన రాజకీయం కాబట్టి మనకు అర్థమవుతుంది.

అక్కడ సోషల్ డెమొక్రాట్లంటే ఫ్యాక్టరీ కార్మికుల పార్టీ. 1928 ఎన్నికల్లో వారసత్వ ఆస్తి మీద పన్ను పెంచుతామన్నారు. వీళ్లొస్తే ఉన్నది కాస్తా ఊడ్చుకుపోతారని అవతలివాళ్లు బెదరగొట్టారు, ఓడిపోయారు. నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సన్ అప్పటికే, దేశమంటే అందరికీ చోటున్న ఇల్లులా ఉండాలని చెప్తూ వస్తున్నాడు. 1932లో 230 సీట్లున్న దిగువ సభలో 104 వచ్చాయి. అధికారం దక్కింది గానీ మెజారిటీ లేదు. రైతుల పార్టీకి 36 ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే. కార్మికుడికి తిండి చవగ్గా కావాలి, రైతుకేమో ధర కావాలి. మాంద్యం దెబ్బకి పాలూ వెన్నా అడిగేవాడు లేడు, పట్నాల్లో పనీ లేదు.

1933 మే నెలలో రెండు పార్టీలూ బేరానికి కూర్చున్నాయి. అక్కడి జనం దానికి పెట్టిన పేరే ఆవుల బేరం. (మన గొడ్ల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆడే బేరం గుర్తొచ్చింది నాకు.) రైతుల పార్టీ అధ్యక్షుడికి ఇది ఇష్టం లేదు. పేర్సన్ అనే రైతు నాయకుడు ముందుకొచ్చి కుదిర్చాడు.

సోషల్ డెమొక్రాట్లు ఏం వదిలారంటే, చవక తిండి అన్న పట్టు. వెన్న ధర నిలబెట్టడానికి మార్గరిన్ మీద సుంకానికి ఒప్పుకున్నారు. మార్గరిన్ అంటే మన డాల్డా లాంటిది, వెన్న కొనలేని పేద కార్మికుడు తినేది. అంటే సొంత ఓటరు కంచంలోంచే తీసి ఇచ్చారన్నమాట. చిన్న సంగతి కాదది.

వదలనిది కూలి రేటు. అంతకుముందు సర్కారు పనుల్లో నిరుద్యోగికి బయటి రేటు కన్నా తక్కువిచ్చేవారు. సమ్మె జరిగే చోటికి పొమ్మంటే పోవాలి, పోకపోతే సాయం బంద్. ఈ గొడవ మీదే 1923లోనూ 1926లోనూ వాళ్ల ప్రభుత్వాలు గద్దె దిగాయి. రెండుసార్లు కుర్చీ వదిలారు గానీ ఆ మాట వదల్లేదు. 1933 ఒప్పందంలో కొత్త పనులకు మామూలు కూలీకి బయట ఇచ్చే రేటే ఇవ్వాలని రాయించుకున్నారు. అడిగినంత డబ్బు రాలేదు, పాత పద్ధతి పూర్తిగా పోనూ లేదు. అయినా అసలు సంగతి దక్కింది.

నా లెక్కలో తేడా ఇదీ: ధర విషయంలో బేరమాడారు, మనిషి కష్టానికి విలువ తగ్గించే విషయంలో ఆడలేదు. ఏది అమ్మొచ్చో ఏది అమ్మకూడదో సంతకి పోకముందే తేల్చుకున్నారు.

1936 ఎన్నికల తర్వాత ఆ రెండు పార్టీలూ కలిసే మంత్రివర్గం వేశాయి. పేర్సన్ వ్యవసాయ మంత్రి, హాన్సన్ ప్రధాని.