ఒంటిచెవి కొలువు

టెలిఫోన్ ఆపరేటర్లకు మా డిపార్టుమెంటు ఇచ్చిన హెడ్‌సెట్టుకు చెవి ఒక్కటే ఉండేది. ఒక చెవి లైనుకు, రెండోది హాలుకు. పక్క సీటావిడ "రాజమండ్రి ఖాళీగా ఉందా?" అన్నా, వెనకనుంచి సూపర్‌వైజరు గారు పిలిచినా ఆ రెండో చెవితోనే అందుకోవాలి. అమలాపురంలో ట్రంకు బోర్డు ముందు నా కొలువంతా అలాగే నడిచింది.

ఊరు దాటి మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి కాల్ బుక్ చేసుకోవాలి. మేము టికెట్టు మీద నంబరూ వేళా రాసుకుని, వైరు కొసనున్న ప్లగ్గును జాక్‌లో గుచ్చి, రాజమండ్రి ఆపరేటరును పట్టుకుని, ఆవిడ ద్వారా హైదరాబాదో మద్రాసో అందుకోవాలి. ఆర్డినరీ కాల్ పొద్దున చెబితే సాయంత్రానికి దొరికినా అదృష్టమే. అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగుకు ఎనిమిది రెట్లు. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పి.పి. కాల్. మూడు నిముషాలు కాగానే మధ్యలో దూరి "టైమయిందండి, పొడిగించమంటారా?" అనాలి. ఆ ఒక్క మాటకు ఎన్ని చీవాట్లు తిన్నామో! విన్నది బయట చెబితే మాత్రం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద జైలే. లైను కలిసిందో లేదో వినాలి, అందులో మాటలు వినకూడదు. ఆ విద్య ఎవరూ నేర్పరు, దానంతట అదే పట్టుబడాలి.

కోనసీమలో ఆ బోర్డు విలువే వేరు. చుట్టూ గోదావరి పాయలు, ఓ పక్క సముద్రం. ఎదుర్లంక నుంచి యానానికి వంతెన 2002లో గానీ రాలేదు, అందాకా రేవులో పంటే గతి. పంటు కట్టేశాక మనిషి దాటలేని ఏటిని మాట దాటేది. అంబాజీపేట కొబ్బరి వర్తకులు ధర కోసం తెల్లారకుండానే లైట్నింగు అడిగేవారు. కాయ ధర మాకు వాళ్ళకన్నా ముందే తెలిసేదని ఊళ్ళో పుకారు. తెలిసినా చెప్పేవాళ్ళం కాదులెండి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అప్పటికే అక్కడ ఇళ్ళల్లో పనికి వెళ్ళి ఉన్నారు. వాళ్ళ తల్లులూ పిల్లలూ వచ్చి ఎక్స్ఛేంజి మెట్ల మీద కూర్చునేవారు. నాకు బొంబాయి అందేది, ఆ పైన కువైట్ అందేది కాదు. ప్రభుత్వం విమానాల్లో లక్షా డెబ్బై వేల మందిని వెనక్కి తెచ్చిందాకా ఆ మెట్లు ఖాళీ కాలేదు.

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. అటునుంచి వచ్చే కాల్స్‌లో మనిషి గొంతు వెనక ఒకటే హోరు. ఆ హోరును బట్టే మాట్లాడేవాళ్ళు ఏ మాత్రం దూరంలో ఉన్నారో పోల్చుకునేదాన్ని. మరుసటి ఏడాది నవంబరు 6 తుపానులో స్తంభాలూ కొబ్బరిచెట్లూ కలిసి కూలాయి. వెయ్యి మందికి పైగా పోయారు. ప్లగ్గు ఏ జాక్‌లో గుచ్చినా చెవిలో చప్పుడు లేదు.

ఈ ఉద్యోగం ఆడవాళ్ళ చేతికి రావడం వెనక ఓ కథ ఉంది. అమెరికాలో తొలి రోజుల్లో బోర్డుల ముందు మగపిల్లల్ని కూర్చోబెట్టారు. వాళ్ళు ఫోను చేసినవాళ్ళని వెక్కిరించడం, తిట్టడం మొదలుపెట్టారు. 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని తీసుకున్నాకే కంపెనీ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ఉద్యోగం ఊడిన ఆ కుర్రాళ్ళ వారసులే ఇప్పుడు హెడ్‌సెట్లు పెట్టుకుని ఆటల్లో తిట్టుకుంటున్నారని నా అనుమానం.

మా మనవడు ఆడేది వాలరెంట్ అనే కంప్యూటరు ఆట. 2020లో వచ్చింది, జట్టుకు ఐదుగురు. దానికోసం వాడు తెప్పించుకున్న వైరు హెడ్‌సెట్టు పిన్నుకు మూడు నల్లగీతలు. మాటా వినికిడీ రెండూ దాంట్లోంచే. కంప్యూటరుకేమో రెండు కన్నాలు, వినడానికి ఆకుపచ్చది, మైకుకు గులాబీరంగుది. గడియారస్తంభం దగ్గర కొట్టులో రెండు కొసల వైరు తెచ్చాక గానీ పని జరగలేదు. బ్లూటూత్‌ది కొనుక్కోవచ్చుగా అంటే, "శబ్దం ఆలస్యంగా వస్తుంది అమ్మమ్మా, ఆలోపు చచ్చిపోతాం" అన్నాడు.

రెండు చెవుల హెడ్‌సెట్టు ఆటలకని పుట్టలేదు. 1910లో యూటాలో నాథనియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో చేసి అమెరికా నౌకాదళానికి పంపాడు. వైర్‌లెస్ ఆపరేటరుకు సన్నటి సంకేతం వినపడాలంటే ఓడ రొద చెవిన పడకూడదు కదా. ఆటలో మాత్రం రెండో చెవి దిక్కు చెబుతుంది. అడుగుల చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి సెకనులో వెయ్యోవంతైనా కాని తేడాతో చేరితే చాలు, శత్రువు ఏ పక్కనున్నాడో తెలిసిపోతుంది. పెట్టుకుని విన్నాను. నిజమే, ఎవడో ఎడమవైపు మెట్లెక్కుతున్నాడు. ఆ సంబరంలో గేటు దగ్గర పాలబ్బాయి పిలుపు వినపడలేదు. నాకు నచ్చనిది అదే.

వాడు అరిచి మాట్లాడడానికీ కారణం దొరికింది. టెలిఫోనులో మన గొంతు మనకే కాస్త వినపడేలా కట్టి ఉంటుంది, సైడ్‌టోన్ అంటాం. చెవులు రెండూ మూసేసి అది లేకుండా చేస్తే ఎవరైనా గొంతు పెంచుతారు. సెట్టింగుల్లో వెతికిస్తే దొరికింది. పెట్టగానే వాడి గొంతు సగానికి దిగింది. వాళ్ళ మాటలు మాత్రం మా బోర్డు మాటల్లాగే పొట్టివి. ఎక్కడ, ఎందరు, అంతే. అనవసరపు ముక్క ఉండదు. మా సూపర్‌వైజరు గారు వింటే మెచ్చుకునేవారు.

అరగంటకే చెవులు చెమటపట్టాయి. మా ఉక్కకు ఆ రెక్జిన్ కప్పులు రెండు వేసవులు కూడా ఆగవు. ఈసారి ఊడదీసి ఉతుక్కునే గుడ్డ కప్పులున్నవి చూసుకోమన్నాను. మైకు మాత్రం చాలా మేలు. మా దాంట్లో బొగ్గు రవ్వలుండేవి, గడ్డకట్టి మాట మసకబారితే వేలితో తట్టాలి. అలవాటుకొద్దీ దీన్నీ తట్టబోతే, "ఆగండి అమ్మమ్మా, నలుగురి చెవులూ పగిలిపోతాయి!" అని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.